ఎవాల్ట్ రాట్కె వెనక్కి తీసుకున్న పాఠం

ఎవాల్ట్ రాట్కె పేరుప్రతిష్ఠలన్నీ ఒకే ఒక్క మాట మీద నిలబడ్డాయి. ఆ మాట ఆయన రాసింది కాదు, దిద్దింది.

ఆయన పుట్టింది పొమెరేనియాలో, సముద్రపు గాలి తగిలే ఆంక్లాం ఊళ్లో. తండ్రి గుర్రాలకు జీనులు కుట్టేవాడు. ఆయనకు ఎవాల్ట్ మూడో కొడుకు. చర్చి పాస్టరు పిల్లాడి చురుకు చూసి సరదాకి లాటిన్ మొదలుపెట్టించాడు. పిల్లాడికి పదమూడేళ్లు నిండేసరికి పాస్టరు దగ్గర చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ తర్వాత ఉపకార వేతనాల మీద పెద్ద బడి, బెర్లిన్ చదువు. ఇరవై నాలుగో ఏట గురువుగారు పిలిచి ఆయన చేతిలో ఒక పని పెట్టారు.

పద్దెనిమిది వందల ఏళ్ల కిందట ఎవరో రోమన్ రైతు ద్రాక్షతోటల మీద లాటిన్లో చిన్న పుస్తకం రాశాడు. మొదటి ఆకు ఏనాడో ఊడిపోయింది, దానితోపాటే రైతు పేరూ పోయింది. మిగిలినవి తొమ్మిది రాతప్రతులు. ఒకదాన్ని చూసి ఒకటి మఠాల్లో సన్యాసులు రాసుకున్నవి. ఫ్లోరెన్సులో రెండు, పారిస్‌లో మూడు, తక్కినవి తలో చోటా ఉన్నాయి. తొమ్మిదింటినీ పక్కపక్కన పెట్టి, తేడాలు ఎంచి, ఆ రైతు నోటి నుంచి నిజంగా వచ్చిన మాటేదో తేల్చి అచ్చువేయించాలి. అదీ పని.

రాట్కె మూడేళ్లు తిరిగాడు. పొయ్యి వెలిగించని గ్రంథాలయపు గదుల్లో ఓవర్‌కోటు తొడుక్కుని కూర్చునేవాడు. అర్థం పట్టించుకోకుండా ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ పోల్చేవాడు. అర్థం చూసుకుంటూ చదివితే కన్ను ఉన్నది చూడదు, ఉండాల్సింది చూస్తుందని ఆయన నమ్మకం. జీనులు కుట్టేవాడి కొడుకు కాబట్టి తోలు సంగతి ఆయనకు తెలుసు. ఆకు మీద బొటనవేలు రాసి, ఇది దూడ చర్మం, ఇది గొర్రె చర్మం, ఇది వెంట్రుకలున్న వైపు అని చెప్పేసేవాడు. గ్రంథాలయాధికారులు వింతగా చూసేవారు.

పుస్తకంలో తీగలు వంచే పని గురించి ఒక అధ్యాయం ఉంది. అందులో మూడు చిన్న వాక్యాలు. తడిగాలి ఉన్న రోజున తీగను వంచు. మాట్లాడేదాకా కట్టకు. అరిస్తే పోగొట్టుకున్నట్టే. రెండో వాక్యంలో తొమ్మిది ప్రతుల్లోనూ ఒకటే మాట: లొక్వాతుర్, అంటే మాట్లాడటం. తీగ మాట్లాడటమేమిటి? అంతకు ముందు నాలుగు వందల ఏళ్లుగా దాన్ని అచ్చువేసిన పరిష్కర్తలందరూ ఆ మాట పక్కన శిలువ గుర్తు వేసి, ఇది బాగుచేయలేని పాఠం అని వదిలేశారు.

ఫ్లోరెన్సులో ఒక ఉదయం రాట్కె గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహం మీద సబ్బు నురగ ఉంది. లొక్వాతుర్ అని నోట్లో అనుకుంటూ ఉన్నవాడు ఉన్నట్టుండి లొకేతుర్ అన్నాడు. కత్తి ఆగిపోయింది. లొకేతుర్ అంటే తన చోట కుదురుకోవడం. ఒకరు చదువుతుంటే ఇంకొకరు విని రాసేవారు. ఒక సన్యాసి చెవికి 'కే' కాస్తా 'క్వా' అయింది, అంతే. కుదురుకునేదాకా కట్టకు. ఇంతకన్నా తేటగా ఏ రైతు చెబుతాడు? మరి మూడో వాక్యం సంగతి? మాట్లాడే తీగ అని చదివి నవ్వుకున్న సన్యాసి ఎవడో, అరిస్తే పోగొట్టుకున్నట్టే అని అంచున వేళాకోళంగా రాసుంటాడు, తర్వాతివాడు దాన్ని లోపలికి లాగేసి ఉంటాడు. రాట్కె ఆ వాక్యాన్ని ప్రక్షిప్తమని తేల్చి చదరపు కుండలీకరణాల్లో పెట్టేశాడు. మిగిలిన సగం గడ్డం గీసుకోవడం ఆయనకు సాయంత్రానికి గాని గుర్తు రాలేదు.

నాలుగు పేజీల ఆ వ్యాసం 1876లో వెలువడింది. గురువుగారు దాన్ని క్లాసులో పైకి చదివి వినిపించి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "జీవితంలో ఇలాంటిది ఒక్కటి చేస్తే చాలనుకున్నాను. నేను చెయ్యలేకపోయాను," అన్నారు. ఆ మాట జర్మనీ అంతా పాకింది. ముప్ఫై నాలుగో ఏట రాట్కె గ్రైఫ్స్‌వాల్ట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. పాఠ పరిష్కరణ నేర్పే పుస్తకాలన్నిటిలో లొకేతుర్ ఉదాహరణగా ఎక్కింది. ఏటా కొత్త విద్యార్థులకు మొదటి ఉపన్యాసంలో ఆయన ఆ కథ చెప్పి, చివర వేలు పైకెత్తి ఇలా అనేవాడు: "ఎంత పాత ప్రతి చెప్పినా సరే, తీగ మాట్లాడదు." విద్యార్థులు చప్పట్లకు బదులు, అక్కడి అలవాటు ప్రకారం, బల్లల మీద పిడికిళ్లతో తట్టేవారు. అది పాతికేళ్లకు పైగా సాగింది. అన్నేళ్లలోనూ ఆయన ఒక్కసారైనా ద్రాక్షతోటలో అడుగు పెట్టలేదు. బాల్టిక్ ఒడ్డున పండేది బంగాళాదుంప, రై గింజలు. ద్రాక్ష ఆయనకు సీసాలోనూ పుస్తకంలోనూ మాత్రమే తెలుసు.

1909 ఫిబ్రవరిలో ట్రియర్ నుంచి ఉత్తరం వచ్చింది. రాసినవాడు కాస్పర్ తీలెన్. ఒకప్పుడు రాట్కె దగ్గర చదివినవాళ్లలో అందరికన్నా చురుకైనవాడు, ఇప్పుడు ట్రియర్‌లో పెద్ద బడి పంతులు. ఊరి గ్రంథాలయంలో ఒక పాత పుస్తకం అట్ట చీలిపోతే లోపల రెండు తోలు ఆకులు బయటపడ్డాయట. అట్ట గట్టిగా ఉండటానికి ఎవరో బైండరు అతికించినవి. వాటి మీద లాటిన్ ఉంది. "చూస్తే మన రైతే అనిపిస్తున్నాడు. మీరు వచ్చి చూస్తే బాగుంటుంది," అని రాశాడు. ఆ ఆకుల్లో ఏ అధ్యాయం ఉందో మాత్రం రాయలేదు.

ఆ వారమే లైప్‌జిగ్ నుంచి రాట్కె పుస్తకం రెండో ముద్రణకు ప్రూఫులు వస్తున్నాయి. సంచిలో ఒక పక్క ప్రూఫులు సర్దుకుంటుంటే భార్య హెడ్విగ్ ఉన్ని మేజోళ్లు తెచ్చి పైన పెట్టింది.

"అరవయ్యో పడిలో పడి, రెండు తోలుముక్కల కోసం జర్మనీ ఈ కొస నుంచి ఆ కొసకి. నన్నెప్పుడైనా అంత దూరం తీసుకెళ్లారా?"

"నువ్వు అట్టలో దొరకలేదుగా," అన్నాడు రాట్కె.

"దొరికితే శిలువ గుర్తు వేసి పక్కన పెట్టేవారు. మేజోళ్లు మర్చిపోకండి."

మార్చి రెండో వారంలో ఆయన ట్రియర్ చేరాడు. గ్రంథాలయంలో కిటికీ పక్కన బల్ల మీద కాస్పర్ ఆకులు పరిచి ఉంచాడు. రాట్కె వెంటనే చదవలేదు. ముందు బొటనవేలితో అంచు తడిమాడు. పల్చటి దూడ చర్మం, మెత్తగా, ఇన్నేళ్లయినా ఒంగుతోంది. తర్వాత రాత చూశాడు. గుండ్రంగా, పెద్దగా, మాటకీ మాటకీ మధ్య సందు లేకుండా ఉంది.

"కాస్పర్, ఇది మన తొమ్మిదింటికన్నా నాలుగు వందల ఏళ్లు ముందుది."

"నాకూ అలాగే అనిపించిందండీ. పైకి అనడానికి ధైర్యం చాలలేదు."

"దీన్ని రాసినవాడు రోమ్ చక్రవర్తుల్ని చూసుంటాడు. ఏ మొహం పెట్టుకుని ముట్టుకుంటున్నాను నేను దీన్ని," అన్నాడు రాట్కె. కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

తర్వాత తన అలవాటు ప్రకారం ఒక్కో అక్షరం పైకి చదవడం మొదలుపెట్టాడు. రెండో ఆకు మధ్యకు వచ్చేసరికి కాస్పర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తడిగాలి. వంచు. ఎల్, ఓ, క్యూ. రాట్కె ఆగాడు. మళ్లీ చదివాడు. లొక్వాతుర్. దాని వెనకే, సందు లేకుండా, అరిస్తే పోగొట్టుకున్నట్టే అన్న వాక్యం. అంచున కాదు, పంక్తిలోనే ఉంది.

రాట్కె తల ఎత్తి కాస్పర్ వీపుకేసి చూశాడు.

"మీకు ముందే తెలుసు, ఏ అధ్యాయమో," అన్నాడు రాట్కె చివరికి.

"తెలుసండీ. ఉత్తరంలో రాయలేకపోయాను."

"తప్పు పాతదైతే ఒప్పైపోదు కాస్పర్. నాలుగు వందల ఏళ్ల ముందే ఒకడు తప్పు విన్నాడు, అంతే తేలింది. అర్థం ముఖ్యం. తీగ మాట్లాడదు."

చేయి మాత్రం ఆకు మీదే ఉంది, తీయలేదు. కాస్పర్ కిటికీ దగ్గర నుంచి బల్ల దగ్గరకు వచ్చి అన్నాడు:

"రేపు బుధవారం, మధ్యాహ్నం నాకు బడి లేదు. మా అత్తగారు తోటలో తీగలు వంచుతోంది, నేనూ వెళ్లి ఒక చెయ్యి వెయ్యాలి. మీరూ వస్తారా? రైల్లో ముప్పావు గంట. నది ఒడ్డే. ఆవిడ బంగాళాదుంపలూ పులిసిన క్యాబేజీ కలిపి చేస్తుంది. దానికోసమైనా రావచ్చు."

ఆకులు వదిలి వెళ్లడం రాట్కెకు ఇష్టం లేదు. అయినా ఆ రాత్రి సత్రంలో నిద్ర సరిగా పట్టకపోవడంతో, మర్నాడు మారు మాట్లాడకుండా బయల్దేరాడు.

సన్నగా తుంపర పడుతోంది. మోసెల్ నది మీద పొగమంచు తెరలు తెరలుగా కదులుతోంది. అత్తగారి తోట కొండవాలు మీద ఉంది. వాలంటే గోడకి కాస్త తక్కువ. నేలంతా నల్లటి పలకరాళ్లు, కాలు వేస్తే గలగలమని జారుతున్నాయి. ఒక్కో మొక్కకీ ఒక్కో గుంజ, వేల గుంజలు, కింద నది దాకా. రాట్కె పట్నం బూట్లతో రెండుసార్లు మోకాళ్ల మీద పడ్డాడు. పైకి చేరేసరికి ఆయాసంతో రొప్పుతున్నాడు.

కాస్పర్ అత్తగారు అపొలోనియా షైడ్‌వైలర్‌కు డెబ్భై ఏళ్లు దాటాయి. భర్త పోయి ఇరవై ఏళ్లు. మనిషి పొట్టి, చేతులు మాత్రం మగవాడి చేతులంత పెద్దవి. నడుముకు కట్టుకున్న గోనెలో, తీగలు కట్టడానికి నానబెట్టిన విల్లో చెట్టు పుల్లలు దోపుకుని ఉంది. చేస్తున్న పని ఆపకుండానే ప్రొఫెసర్ని పైనుంచి కింది దాకా చూసింది.

"ఈయనేనా అల్లుడూ, ద్రాక్షతోటల మీద పుస్తకం వేసిన పెద్దమనిషి?"

"ఈయనే అత్తా. ప్రొఫెసర్ రాట్కె గారు."

"తోటలు ఎన్ని ఉన్నాయి అయ్యగారికి?"

"ఒక్కటీ లేదమ్మా," అన్నాడు రాట్కె.

"ఆహా. నాకు పిల్లలు లేకుండా ఉంటే నేనూ పిల్లల పెంపకం మీద రాసేదాన్ని. ఆ రాయి మీద కూర్చోండి, ఆ పక్కది కాదు, అది ఊగుతుంది."

రాట్కె కూర్చున్నాడు. కాస్పర్ కోటు విప్పి పనిలో దిగాడు. నిరుటి కొమ్మల్లో ఒక పొడవాటి తీగను పట్టి, విల్లులా వంచి, కొస తెచ్చి గుంజకు ఆనించి విల్లో పుల్లతో కట్టాడు. పక్కదానికి వెళ్లబోతుంటే అపొలోనియా తల తిప్పకుండానే అడిగింది.

"అది మాట్లాడిందా?"

"ఏమో అత్తా, నేను వినలేదు."

"వినకుండా కట్టావేం మరి? విప్పు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు, మాట్లాడేదాకా కట్టకూడదని."

రాట్కె రాయి మీంచి లేచాడు. ఎలా లేచాడో ఆయనకే తెలియదు. జారే పలకల మీద రెండు చేతులూ ఆనించి పాకినట్టుగా ఆవిడ దగ్గరకు వెళ్లాడు.

"అమ్మా, ఇప్పుడేమన్నారు?"

"మిమ్మల్ని కాదు బాబూ, మా అల్లుణ్ణి."

"తెలుసు. ఆ మాట ఇంకోసారి చెప్పండి."

అపొలోనియా ఆయన మొహంకేసి చూసింది. వేళాకోళమనుకుందేమో, కాదని తేల్చుకుని, ముందున్న తీగను పట్టుకుంది. "చెప్పడం ఎందుకు, వినండి. చెవి ఇటు పెట్టండి. ఇంకా దగ్గరగా."

మొదలు దగ్గర ఎడమ చేయి, కొస దగ్గర కుడి చేయి వేసి, మెల్లగా, తడి బట్ట పిండుతున్నట్టు కొంచెం మెలితిప్పుతూ వంచింది. ఏమీ వినపడలేదు. ఇంకాస్త వంచింది. అప్పుడు వచ్చింది. పొయ్యి మీద ఉప్పు కల్లు చిటపటలాడినట్టు, కానీ అంతకన్నా సన్నగా, లోపలెక్కడో మొదలై, వంపు వెంట ఒక చిగురు కన్ను దగ్గర నుంచి ఇంకో కన్ను దగ్గరికి నడుచుకుంటూ పోయింది. తీగ విరగలేదు. ఆవిడ చేతిలో మెత్తబడి అలా ఉండిపోయింది.

"అదీ. మాట్లాడింది. ఇంక వెనక్కి లేవదు, పెట్టిన చోట ఉంటుంది. రసం కూడా కొసకి పరిగెత్తదు, ప్రతి కన్ను దగ్గరా ఆగి ఆగి వెళ్తుంది. మాట్లాడకముందే కట్టామనుకోండి, వారం తిరిగేసరికి పుల్ల తెంపుకుని నిలబడుతుంది."

రాట్కె ఆ వంపు మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత అడిగాడు: "ఎప్పుడు వంచుతారమ్మా? ఎలాంటి రోజున?"

"ఇదిగో, ఇలాంటి రోజునే. తడిగాలి ఉండాలి. ఎండా గాలీ ఉన్న రోజున ముట్టుకోకూడదు. అప్పుడిది మాట్లాడదు, అరుస్తుంది." పుల్ల ముడి వేస్తూ, ఎప్పుడూ అనే మాటలాగే అంది: "అరిస్తే పోగొట్టుకున్నట్టే."

కింద కాస్పర్ పని ఆపేశాడు. రాట్కె తలమీద టోపీ తీశాడు. ఎందుకు తీశాడో ఆయనకు తెలియదు, చర్చిలో తీసినట్టు తీశాడు. తుంపర బట్టతల మీద పడుతోంది.

ముప్ఫై మూడేళ్ల కిందట తాను కుండలీకరణాల్లో బంధించిన వాక్యం అది. మాటకు మాట, అదే వరస. లాటిన్ వాసన కూడా సోకని మనిషి నోట్లోంచి, విల్లో పుల్ల ముడేస్తూ వచ్చింది.

"ఎవరు నేర్పారమ్మా మీకిది?"

"ఎవరు నేర్పుతారు. మా అత్తగారు. చెవి పట్టుకుని తీగకి ఆనించి మరీ నేర్పింది, రాక్షసి."

"ఆవిడకి?"

"వాళ్ల అత్తగారో, అమ్మో. మా ఊళ్లో అందరూ ఇలాగే అంటారు. ఏం, తప్పా?"

"ఆవిడ ఎక్కడైనా చదివి ఉంటుందా?"

అపొలోనియా నవ్వింది. "మా అత్తగారా? ఆవిడ పేరు రాయమంటే మూడు గీతలు గీసేది."

రాట్కె అక్కడే తడి పలకల మీద కూలబడ్డాడు. రోమన్ రైతు ఎవడో, బహుశా ఇలాంటి కొండ మీదే, ఇలాంటి తుంపరలోనే, చెవి తీగకు ఆనించి విన్నాడు. విన్నది రాశాడు. రాసింది సన్యాసుల చేతుల్లో పడింది. వాళ్లకు తీగల సంగతి తెలియదు, అర్థం తెలియదు. తెలియకపోయినా, తమకు వింతగా తోచినా, దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు దించుకున్నారు. ఒక దారి అది. ఇంకో దారిలో ఆ మాటే చదువురాని ఆడవాళ్ల నోట, అత్త నుంచి కోడలికి, ఇంకో అత్త నుంచి ఇంకో కోడలికి వచ్చింది. ఆ మధ్య రాజ్యాలు కూలాయి, భాషలు మారాయి, దేవుళ్లే మారారు. రెండు దారుల్లోనూ మాట చెక్కుచెదరలేదు. ఇన్ని వందల ఏళ్లలో దాన్ని చెడగొట్టినవాడు ఒక్కడే. బాగా చదువుకున్నవాడు.

ఇలా అనుకున్నప్పుడు సిగ్గు రావాలి. వచ్చింది కూడా. కానీ సిగ్గుకన్నా ముందు, దానికన్నా చాలా పెద్దది ఇంకేదో వచ్చి ఆయనను ముంచేసింది. చిన్నప్పుడు తండ్రి మొదటిసారి సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లినప్పుడు, అవతలి గట్టు ఏదని వెతికి, లేదని తెలిసి, నోరు తెరుచుకుని నిలబడిపోయినట్టుగా ఉంది.

"ప్రొఫెసర్ గారికి ఒంట్లో బాగాలేదా అల్లుడూ?" అంది అపొలోనియా గొంతు తగ్గించి.

"బాగానే ఉంది అత్తా. కాసేపు వదిలెయ్యండి."

"వదిలేస్తే ఎలా, తడిసిపోతున్నాడు. అయ్యా, ఊరికే కూర్చుంటే చలి. ఇలా రండి, ఒకటి పట్టండి."

ఆయన పట్టిన మొదటి తీగ తటాలున విరిగింది. "అరిచింది," అంది ఆవిడ. రెండోదీ అరిచింది. మూడోదానికి ఆవిడ తన పెద్ద చేతులు ఆయన చేతుల మీద వేసి, "తొందరెందుకు, దానికి చెప్పాల్సింది ఉంటే అదే చెప్తుంది," అంటూ మెల్లగా వంపు తిప్పింది. ఈసారి చిటచిటమన్న ఆ సన్నటి పలుకు రాట్కె వేళ్ల కిందే నడిచి వెళ్లింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రం రైలెక్కే ముందు ఆయన ఊరి పోస్టాఫీసుకు వెళ్లి లైప్‌జిగ్‌కు తంతి ఇచ్చాడు: "తీగల అధ్యాయం ఉన్న పదకొండో ఫారం అచ్చు ఆపండి. రాట్కె." బయటకు వచ్చాక కాస్పర్ తల దించుకుని అన్నాడు:

"నేను పెళ్లయిన ఏడే విన్నానండీ ఈ మాట. ఆరేళ్లయింది. మీకు రాద్దామని కాగితం తీసి, మళ్లీ చింపేసేవాణ్ణి."

"ఎందుకు?"

"అది మీ జీవితం కదండీ."

రాట్కె తల అడ్డంగా ఊపాడు. "కాదు కాస్పర్. ఆ రైతుది. నేను కాపలాదారుణ్ణి మాత్రమే. కాపలా కాస్తూ నేనే దొంగతనం చేశాను. ఆరేళ్ల కిందటే చెప్పాల్సింది నువ్వు. కోప్పడేవాణ్ణి, నిజమే. కానీ ఆరేళ్ల ముందే వినేవాణ్ణి."

ఇంటికి వచ్చి సంగతంతా చెబితే హెడ్విగ్ ముందు నమ్మలేదు. నమ్మాక అడిగింది: "ఇప్పుడు మీరేం చేస్తారు? నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా మార్చెయ్యకూడదా?"

"నాలుగు పేజీలు రాసి మరీ పెట్టిన మాట. నాలుగు పేజీలు రాసే తియ్యాలి."

అలాగే రాశాడు. వ్యాసం వెలువడ్డాక కొందరు నవ్వారు. ముసలితనంలో ప్రొఫెసర్ తోటమాలుల వెంట పడ్డాడన్నారు. ఒక పత్రిక, ముప్ఫై ఏళ్లుగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న ఉదాహరణను ఒక ముసలమ్మ మాట మీద తీసేస్తారా అని అడిగింది. రెండో ముద్రణలో పేజీ అడుగున పాఠాంతరాలు ఇచ్చేచోట రాట్కె ఇలా వేయించాడు: "లొక్వాతుర్, తొమ్మిది ప్రతులు, ట్రియర్ ఆకులు, సమర్థించినవారు అపొలోనియా షైడ్‌వైలర్, ద్రాక్షతోట రైతు. లొకేతుర్, రాట్కె, తప్పు." ప్రచురణకర్త ఆ చివరి మాట తీసేద్దామని రెండు ఉత్తరాలు రాశాడు. రాట్కె ఒప్పుకోలేదు. మూడో వాక్యం చుట్టూ ఉన్న కుండలీకరణాలు తనే స్వయంగా ప్రూఫు మీద కొట్టేశాడు.

ఆ శీతాకాలం మొదటి ఉపన్యాసంలో ఆయన పాత కథ చెప్పలేదు. మార్చిలో జరిగింది జరిగినట్టు చెప్పాడు, రెండు తీగలు విరగ్గొట్టిన సంగతితో సహా. చెప్పడం అయిపోయాక ఎవరూ బల్లలు తట్టలేదు. ఆయన కాగితాలు సర్దుకుని బయటకు నడిచాక, వెనక ఎక్కడో ఒక పిడికిలి మొదలుపెట్టింది. వరండా చివరి దాకా ఆ చప్పుడు ఆయన వెంట వచ్చింది.

మరుసటి ఏడు మార్చిలో పుస్తకం పట్టుకుని ఆయన మళ్లీ ఆ ఊరు వెళ్లాడు. ఈసారి హెడ్విగ్ కూడా వెళ్లింది. వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి అపొలోనియా ఇద్దరికీ బంగాళాదుంపలు, క్యాబేజీ వడ్డించింది. పుస్తకంలో తన పేరు ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే వేలితో తడిమి, "ఇంత చిన్న అక్షరాలా?" అంది.

"గొప్పవాళ్లందరి పేర్లూ అక్కడే ఉంటాయమ్మా, అంత చిన్నగానే," అన్నాడు రాట్కె.

"సరే, అయితే ఆయన ఏం రాశాడో అంతా చదవండి. నా పేరు ఎవరి పుస్తకంలో ఉందో నాకు తెలియాలిగా."

ఆయన లాటిన్ చూస్తూ అక్కడికక్కడే జర్మన్లోకి మార్చి చదవడం మొదలుపెట్టాడు. ఆవిడ దుంపల తొక్క తీస్తూ వింది. గుంతల లోతు దగ్గర తల ఊపింది. ఎరువు దగ్గర, "పర్వాలేదు," అంది. కత్తిరింపుల దగ్గర చాకు ఆగింది.

"ఆగండి. అది తప్పు. కన్నుకి అంత దగ్గరగా కోస్తే ఏడుస్తుంది, ఆ కారే రసంలో కన్ను మునిగిపోతుంది. ఇది మాత్రం ఆయన చేత్తో చేసింది కాదు. ఎవడో చెబితే రాసుకున్నాడు."

రాట్కె పెన్సిలు తీశాడు. ఆ చోట రెండు ప్రతుల్లో ఇంకో పాఠం ఉంది, తాను చిన్నచూపు చూసి కిందకు తోసేసినది. అందులో 'దగ్గరగా' లేదు, 'దూరంగా' ఉంది. ఆయన పేజీ అడుగున వెతికి అది ఆవిడకు చదివి వినిపించాడు.

"అదీ," అంది అపొలోనియా. "అలా చెప్పమనండి." చాకు మళ్లీ కదిలింది. కాసేపు పోయాక అడిగింది: "పిల్లలున్నారా ఆయనకి?"

"తెలియదమ్మా. పేరే తెలియదు."

"ఎక్కడ పాతిపెట్టారో?"

"అదీ తెలియదు."

ఆవిడ కిటికీలోంచి కొండకేసి చూసింది. మబ్బు దిగుతోంది, గుంజలు సగం దాకా మునిగిపోయాయి. హెడ్విగ్ తనూ ఒక చాకు అందుకుని దుంపలు చెక్కడం మొదలుపెట్టింది.

"బతికుంటే తోటలోకి రానిచ్చేదాన్ని," అంది అపొలోనియా. "చదవండి, ఇంకా ఎంతుంది?"

"సగం ఉందమ్మా," అని రాట్కె కళ్లజోడు సర్దుకున్నాడు.